లేజర్‌కు ముందు ఎవరూ అడగని ప్రశ్న

నా గడ్డం కింద పది పన్నెండు వెంట్రుకలుంటాయి. నల్లగా, గట్టిగా ఉంటాయి. ఈ మాట రాయడానికి ఇప్పుడు నాకు సిగ్గు లేదు. సిగ్గుపడాల్సిన వాళ్లు వేరే ఉన్నారు. వాళ్ల సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

చౌటుప్పల్‌లో హైవే పక్కన ఒక చీరల దుకాణంలో పని చేస్తాను. మాది మగ్గాల ఇల్లు. నాయిన నేస్తాడు. అమ్మ ఆసు పోస్తుంది, అంటే మేకుల చట్రం మీద పొద్దస్తమానం దారాన్ని అటూ ఇటూ తిప్పుతుంది. ఆ తిప్పుడుకే అమ్మ కుడి భుజం పాడైంది. నేను కూడా ఆ చట్రం ముందు కూర్చుంటే నా భుజమూ పోతుందని, ఇంటర్ అయిపోగానే అమ్మే పోయి దుకాణం సేటుతో మాట్లాడి నన్ను అక్కడ పెట్టించింది.

దుకాణంలో నాది ముందర నిలబడే పని. గిరాకీ ఒక చీర బాగుందంటే దాన్ని నా భుజం మీద వేసుకుని, కుచ్చిళ్లు పట్టి, అద్దం ముందు తిరిగి చూపించాలి. ఈ పని నాకు చాలా ఇష్టం. ఏ రంగు ఎవరికి నప్పుతుందో మనిషి మెట్లెక్కుతుండగానే చెప్పేస్తాను. మా ఇంట్లో పుట్టిన చీర ఎలా పుట్టిందో, పువ్వు అంచు ఎందుకు మసకగా ఉంటుందో, అది తప్పు కాదని, నేసే ముందే దారాన్ని చేత్తో కట్టి రంగు వేస్తే అలాగే వస్తుందని చెబుతుంటే జనం నోరు తెరుచుకుని వింటారు.

ఒకరోజు పెళ్లి చీరలకు ఒక కుటుంబం వచ్చింది. ఎర్రచీర నా భుజం మీద వేసుకుని తిరిగాను. పెళ్లికూతురు మేనత్త నన్ను దగ్గరగా చూసి అంది:

"చీరైతే మస్తుగుంది. గని పిల్లా, నీకు గడ్డం వస్తాంది గదనే!"

అందరూ నవ్వారు. పెళ్లికూతురు కూడా నవ్వింది. నేను కూడా నవ్వాను, ఏం చేస్తాను మరి. వాళ్లు పోయాక సేటు నన్ను పిలిచాడు.

"ఏమనుకోకు గని, పెద్ద పెద్ద గిరాకీలు వస్తుండ్రు. జర మొఖం సంగతి చూసుకో. లేకుంటె లోపల మడతలు పెట్టే పనికి పోవాలె."

చీర సంగతి నా నోటితో చెప్పించుకుని లాభం తీసుకునేవాడు ఆ మాట అన్నాడు. అతని మీసం వారం నుంచి కత్తెర చూడలేదు, అది వేరే సంగతి.

మా ఊరి నుంచి చౌటుప్పల్ వచ్చేసరికి ఇప్పుడు ఎక్కడ చూసినా ప్లాట్ల బోర్డులు, టిఫిన్ సెంటర్లు, మేడ మీద బ్యూటీ క్లినిక్కులే. మా దుకాణానికి కొద్ది దూరంలోనే ఒకటి ఉంది. బయట బోర్డు మీద తెల్లటి అమ్మాయి బొమ్మ. ఆ అమ్మాయికి జన్మలో ఒక్క వెంట్రుక కూడా మొలిచినట్టు లేదు. అక్కడికి పోయాను. ఆరు సిట్టింగులన్నారు. జన్మలో మళ్లీ రాదన్నారు. నొప్పి అసలే ఉండదన్నారు. రిసెప్షన్‌లో ఉన్న మేడమ్ తియ్యగా మాట్లాడింది. ఇంగ్లీషులో నాలుగు పేజీల కాగితం నా ముందు పెట్టింది.

"ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ సంతకం చేయండి మేడమ్. జస్ట్ ఫార్మాలిటీ."

నేను ఇంగ్లీషు బస్సు బోర్డులు చదువుతాను, మందుల డబ్బా మీద పేరు చదువుతాను. నాలుగు పేజీలు చదవలేను. చదవలేనని చెప్పడానికి మొహమాటపడి సంతకం చేశాను. ఇది నా తప్పు, ఒప్పుకుంటాను. కానీ ఇంగ్లీషు చదవడం రాని మనిషి ముందు ఆ కాగితం ఎందుకు పెడతారు? తెలుగులో ఒక్క పేజీ రాయించడానికి ఎంత కష్టం?

"పార్లర్‌కు వెళ్తుంటారా? వాక్సింగ్ అలాంటివి?" అని మాత్రం అడిగింది.

"లేదు మేడమ్," అన్నాను. నిజమే చెప్పాను. నేను జన్మలో పార్లర్ మెట్లు ఎక్కలేదు.

"సిట్టింగ్‌కు ముందు రోజు షేవ్ చేసుకుని రండి," అంది. ఎందుకో చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఇంటికి పోయి మెల్లగా అవ్వ చెవిన వేశాను. అవ్వ మా నాయినను కన్న తల్లి. మా ఇంట్లో ఎవరికి ఏ వైద్యం జరగాలన్నా ఆమె దగ్గర మంజూరు కావాల్సిందే. లేజర్ అంటే ఏందని అడగలేదు గానీ, బ్లేడు అనగానే కూర్చున్నది లేచి నిలబడింది.

"ఏందీ? ఆడపిల్ల మొఖానికి బ్లేడా? మీ నాయినకు జత అయితవా? ఒక్కసారి గొరిగితె కొయ్యకాలు లెక్క లేస్తయే బిడ్డా. నా మాటిను, ముట్టకు."

"మరి షేవ్ చేసుకొని రమ్మన్నరు అవ్వా."

"నున్నగ ఉండాలె, గంతేనా? దారం ఉండంగ బ్లేడెందుకు?"

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మగ్గాల ఇంట్లో ఆడపిల్లలకు దారం కోసం ఎవరినీ అడగాల్సిన అవసరం లేదు. దారం చుట్టే కండె చివర నూలు ఎప్పుడూ మిగులుతుంది. మా వీధిలో ఆడవాళ్లం దాన్నే మెలిపెట్టి, ఒక కొస పంటి కింద పట్టుకుని, కనుబొమ్మలూ పెదవి మీదా ఒకరికొకరం తీసుకుంటాం. అమ్మ నాకు తీస్తుంది, నేను పక్కింటి వదినకు తీస్తాను. పార్లర్‌లో అదే పని చేస్తే దానికో ఇంగ్లీషు పేరుంటుంది. మాకు అది తల దువ్వుకోవడం లాంటిది. పొద్దున మొహం కడుక్కున్నావా అని ఎవరైనా అడిగితే గదా చెప్పుకుంటాం. అలాంటిదే ఇదీ.

కాబట్టి ప్రతి సిట్టింగ్‌కు ముందు రోజు సాయంత్రం అమ్మ మగ్గం పక్కన కూర్చుని నా గడ్డం పైకెత్తి, నూలు దారంతో ఒక్కొక్క వెంట్రుకా వేరుతో సహా లాగేది. కళ్లలో నీళ్లు తిరిగేవి. పొద్దున నున్నటి గడ్డంతో క్లినిక్‌కు పోయేదాన్ని. మిషన్ పట్టుకున్న అమ్మాయి నా గడ్డం నిమిరి చూసి మెచ్చుకునేది:

"అబ్బ, ఎంత నీట్‌గా చేసుకొచ్చారు మేడమ్!"

ఎలా చేసుకొచ్చావని ఒక్కరోజు కూడా అడగలేదు. తెల్లకోటు వేసుకున్నందుకు నేను ఆమెను డాక్టరమ్మ అనుకున్నాను. డాక్టర్ కాదని, మూడు వారాల ట్రైనింగ్ తీసుకుందని చాలా ఆలస్యంగా తెలిసింది.

రెండు సిట్టింగులయ్యాయి. వెంట్రుకలు ఎప్పటిలాగే వస్తున్నాయి. మూడోసారి పోయినప్పుడు అడిగాను.

"ఏం ఫరక్ పడ్తలేదు మేడమ్."

"మీ హెయిర్ చాలా స్ట్రాంగ్ అండీ. పవర్ పెంచుదాం," అంది.

అది ఎండాకాలం. అంతకు ముందు వారమంతా దుకాణానికి సెలవు పెట్టి, ఇంటి దగ్గర రంగు వేసిన దారపు కట్టలు ఎండకు ఆరేసే పనిలో ఉన్నాను. పెద్ద ఆర్డర్ వచ్చింది, అమ్మ భుజం లేవడం లేదు, ఇంకెవరు చేస్తారు? మొహం మాడి మామూలు కంటే రెండింతలు నల్లగా అయ్యింది. అది ఆ తెల్లకోటు అమ్మాయికి కనిపించలేదా? "ఎండలో తిరిగారా?" అని ఒక్క మాట అడగడానికి నోరు రాలేదా?

పవర్ పెంచింది. మొదటి దెబ్బకే సలసలా కాగిన నూనె చుక్క పడ్డట్టయ్యింది.

"మండుతాంది మేడమ్!"

"కొంచెం ఓర్చుకోండి. ఇప్పుడే పనిచేస్తోంది."

ఓర్చుకున్నాను. ఆడపిల్లలకు చిన్నప్పటి నుంచీ నేర్పే చదువు అదొక్కటే కదా. కాలేజీ చదువు ఇంటర్‌తో ఆగినా ఆ చదువు మాత్రం పూర్తయ్యింది నాకు. ఆమె ఏదో చల్లటి జెల్ రాసి పంపించింది. మధ్యాహ్నానికి గడ్డం కింద వరుసగా ఎర్రటి గుండ్రాలు లేచాయి. మర్నాటికి వాటిలో రెండు పొక్కులయ్యాయి. క్లినిక్‌కు ఫోన్ చేస్తే "కామన్ మేడమ్, తగ్గిపోతుంది" అన్నారు. అవ్వ పసుపూ వెన్నా కలిపి రాసింది. పొక్కులు చితికి, పెచ్చు కట్టి, ఊడాక చూస్తే నల్లటి మచ్చలు, నాలుగు రూపాయి బిళ్లలు వరుసగా అంటించినట్టు.

సేటు చూశాడు. జాలిపడ్డాడు, అబద్ధం చెప్పను. "అయ్యో, ఏం చేసుకున్నవమ్మా" అన్నాడు. వెంటనే, "మచ్చలు పోయిందాంక లోపల మడతలు చూసుకో. ముంగటికి పక్కూరి పిల్లను పెడ్త," అన్నాడు.

పది వెంట్రుకల కోసం పోయి నేను నిలబడే చోటు పోగొట్టుకున్నాను. లోపలి గదిలో కిటికీ కూడా లేదు. బయట కొత్త పిల్ల "ఇది ప్యూర్ అండీ, ఇది ప్యూర్ అండీ" అని అన్ని చీరలకూ అదే పాట పాడుతుంటే వింటూ మడతలు పెట్టాను. ఒకసారి ఆ పిల్ల నూలు చీరను పట్టు చీర అంది. నా చేతిలో ఉన్న చీర మీద ఒట్టు, నాకు ఏడుపొచ్చింది.

చివరికి అమ్మ నన్ను నల్గొండ తీసుకెళ్లింది. కాగితాల మీద మా జిల్లా పేరు మారిపోయింది గానీ మా వాళ్లకు పెద్ద దవాఖాన అంటే ఇప్పటికీ నల్గొండే. చర్మం డాక్టరమ్మ దగ్గర చాంతాడంత లైను. నా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఆమె టార్చి వేసి నా గడ్డం చూసింది. తర్వాత వరుసగా ప్రశ్నలు వేసింది.

"ముందురోజు వెంట్రుకలు ఎట్ల తీసినవ్?"

"దారంతోని మేడమ్. మా అమ్మ తీస్తది."

ఆమె రాస్తున్న పెన్ను కింద పెట్టింది.

"ప్రతిసారీ?"

"ప్రతిసారీ. నున్నగ ఉండాలె గద మేడమ్."

డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. అమ్మ వైపు తిరిగి, చిన్నపిల్లలకు చెప్పినట్టు నిదానంగా చెప్పింది. లేజర్ వెతికేది చర్మం లోపలున్న నల్లటి వేరును. ఆ వేరుకు వేడి తగిలితేనే వెంట్రుక బలహీనపడుతుంది. దారంతో లాగినా, వాక్స్ చేసినా, పటకారుతో పీకినా వేరు కూడా ఊడి వస్తుంది. ఇక లోపల లేజర్‌కు దొరికేది ఏముంది? అందుకే నాలుగైదు వారాల ముందు నుంచీ ఏదీ లాగకూడదు. బ్లేడైతే పైన మాత్రమే కోస్తుంది, వేరు లోపలే ఉంటుంది. అందుకే షేవ్ చేయమంటారు. గొరిగితే కోత తర్వాతి కొయ్యకాలులా మందంగా లేస్తాయన్నది ఉత్త మాట.

"అంటె మా అత్త మాట ఇని, నేనే లాగి లాగి పైసలన్నీ..." అని అమ్మ ఆగిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నువ్వు కాదమ్మా. అడగవలసిన వాళ్లు అడగలె," అంది డాక్టరమ్మ.

మిగతాది కూడా ఆమె చెప్పింది. ఎండకు నల్లబడిన చర్మంలో రంగు ఎక్కువుంటుంది. లేజర్ వేడిని వేరుకు బదులు ఆ చర్మమే పట్టుకుంటుంది. మన లాంటి చామనఛాయ వాళ్లకు సరిపడే మిషన్ వేరు, తెల్లటి వాళ్లకు వాడేది వేరు. ముందు చెవి కింద ఒక చిన్న చుక్కంత చోట వేసి, కొన్ని రోజులు ఆగి, ఏమీ కాలేదని చూశాకే మొహం మీద వేయాలి. వేరే జబ్బుకు మందులు వాడుతుంటే, కడుపుతో ఉంటే ముందే చెప్పాలి. అన్నిటికన్నా ముఖ్యంగా ఒకటి అడిగింది:

"నెల నెలా సరిగ్గ వస్తుందా?"

రాదు. రెండు నెలలకు, ఒక్కోసారి మూడు నెలలకు వస్తుంది. మా ఇంట్లో దాన్ని ఎవరూ జబ్బు అనుకోలేదు. "పెళ్లయితే సక్కగైతది" అని వదిలేశారు. డాక్టరమ్మ రక్తపరీక్ష రాసింది. తర్వాత వచ్చిన రిపోర్టులో ఒంట్లో హార్మోన్ తేడా ఉందని తేలింది. దానికి మందు వాడకుండా పైన ఎంత కాల్చినా గడ్డం మీద వెంట్రుక మళ్లీ మళ్లీ వస్తుందట. మందు వాడి, సరైన చోట లేజర్ చేయించుకున్నా తగ్గుతాయి గానీ, జన్మలో రావని ఎవరైనా అంటే నమ్మొద్దంది.

ఆ మొదటి రోజు బస్సులో ఇంటికి వస్తూ నేను వేళ్లు ఒక్కొక్కటే మడుస్తూ కూర్చున్నాను. అది చూసి అమ్మకు భయమేసింది.

"ఏమైందే? నొస్తాందా?"

"నొస్తలేదమ్మా. కోపమొస్తాంది."

క్లినిక్‌లో అడగాల్సినవి ఏడు ప్రశ్నలు. నేను వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. ఎలా తీస్తావు, ఎండలో పని చేస్తావా, నెలసరి వస్తుందా, మందులేమైనా వాడుతున్నావా, ఇంతకు ముందు ఎప్పుడైనా కాలిందా, కాలితే మచ్చ నల్లగా పడుతుందా, ఈ కాగితం నీకు అర్థమయ్యిందా. ఏడూ అడగడానికి ఒక టీ తాగేంత సేపు కూడా పట్టదు. అడిగితే ఏమవుతుంది? సగం మంది "ఇప్పుడు వద్దు, పరీక్షలు చేయించుకుని రా" అని వెనక్కి పోవాల్సి వస్తుంది. అందుకే అడగరు. తెలియక కాదు.

మర్నాడు దుకాణం తెరవకముందే డాక్టరమ్మ రాసిన చీటీ పట్టుకుని క్లినిక్ మెట్లెక్కాను. రిసెప్షన్ మేడమ్ నన్ను చూసి నవ్వింది.

"రండి మేడమ్. ఫోర్త్ సిట్టింగ్ కదా?"

"కాదు. నాకు ఏ మిషన్ వాడిన్రు, పవర్ ఎంత పెట్టిన్రు, కాగితం మీద రాసియ్యుండ్రి. నల్గొండ డాక్టరమ్మ అడిగింది."

నవ్వు పోయింది. ఆమె లేచి లోపలికి పోయింది. మేనేజర్ అనే ఆయన వచ్చి నా చేతిలోని చీటీ తీసుకుని చదివాడు.

"మేడమ్, మీరు త్రెడింగ్ చేసుకున్నారట కదా. చేసుకోవద్దని ఫామ్‌లో క్లియర్‌గా ఉంది. మీరే సంతకం పెట్టారు. మా తప్పేం లేదు."

"ఫామ్ ఇంగ్లీషుల ఉన్నది. మీ మేడమ్ నోరు తెలుగుల ఉన్నది గద. గా ఒక్క ముక్క నోటితోని చెప్పచ్చు గద?"

"షేవ్ చేసుకోమని చెప్పాం."

"ఎందుకో చెప్పిన్రా? నేను మగ్గాలోల్ల పిల్లను. మా ఇంట్ల ఆడోల్ల చేతిల దారం ఉంటది, బ్లేడు ఉండదు. వేరు లోపలుండాలె అని ఒక్క మాట అంటె, మా అవ్వ కాళ్లు పట్టుకొనైనా బ్లేడే వాడుదును. సరే, దారం నా తప్పే అనుకో. మరి కాలింది దారంతోనా?"

ఆయన అటూ ఇటూ చూశాడు. కుర్చీల్లో ముగ్గురు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. గొంతు తగ్గించాడు.

"మీకు మూడు ఫేషియల్స్ ఫ్రీగా ఇస్తాం. ఇంకా మీ సిట్టింగులు మూడు మిగిలాయి, కావాలంటే మీ సిస్టర్‌కు ట్రాన్స్‌ఫర్ చేస్తాం."

నా చెల్లెకు! నా మొహం కాలింది చాలదన్నట్టు ఇంట్లో ఇంకో మొహం కూడా పట్టుకు రమ్మంటున్నాడు. అప్పుడు నా నోరు నా మాట వినలేదు. గొంతు తగ్గించడం ఎందుకు? ఆ కుర్చీల వైపే తిరిగాను. చివర్లో ఒకమ్మాయి, ఫ్యాక్టరీ బస్సు దిగి నేరుగా వచ్చినట్టుంది, మెడలో గుర్తింపు కార్డు వేలాడుతోంది.

"చెల్లే, మొన్నటిసంది దారంతోని గిట్ల ఏమన్న తీస్కున్నవా?"

ఆ అమ్మాయి మేనేజర్‌ను చూసింది, నన్ను చూసింది, నా గడ్డం చూసింది.

"నిన్ననే అక్కా. హాస్టల్ల మా దోస్తు తీసింది."

"నిన్ను అడిగిన్రా ఈల్లు?"

"లేదక్కా."

"మేడమ్, మీరు బయటికి వెళ్లండి, లేదంటే పోలీసులకు ఫోన్ చేస్తాం," అన్నాడు మేనేజర్.

"చెయ్యుండ్రి. వాళ్ల ముంగట ఏ మిషనో రాసిస్తరేమో."

రాసివ్వలేదు. ఫోనూ చేయలేదు. ఆ అమ్మాయి నాతో పాటు లేచి వచ్చేస్తుందని నేను అనుకున్నాను. రాలేదు. డబ్బులు ముందే కట్టేశానంది, ఏం చేస్తుంది. నేను మెట్లు దిగుతుంటే ఆమె రిసెప్షన్ దగ్గర నిలబడి ఏదో అడుగుతోంది. అడుగుతోంది, అది చాలు అనుకుందామన్నా నాకు చాల్లేదు. ఆ రోజంతా ఆ పిల్ల మొహమే కళ్ల ముందు తిరిగింది.

ఆ కోపంతోనే దుకాణానికి వచ్చాను. లోపలి గదికి పోవాలి. కానీ ముందర ఒక తల్లీ కూతురూ అద్దం ముందు నిలబడి ఉన్నారు. కొత్త పిల్ల నెమలిపింఛం రంగు చీరను తలకిందులుగా పట్టుకుంది. నేను ఎవరినీ అడగలేదు. ఆ చీర తీసుకుని నా భుజం మీద వేసుకున్నాను. సేటు గల్లాపెట్టె దగ్గర నుంచి దగ్గాడు. నేను వినలేదు.

"గీ అంచు చూడమ్మా. గిది కట్టు కట్టి రంగేసింది. అందుకే జర మసకగున్నది..."

కూతురు చీర చూడటం లేదు. నా గడ్డం చూస్తోంది. తల్లి మోచేత్తో పొడిచింది గానీ ఆమె కూడా చూస్తోంది.

"ఏమైందమ్మా గది? మచ్చలా?"

"లేజర్ల కాలింది."

"వామ్మో. మా బిడ్డ సుత లేజర్ అంటాంది. వచ్చే నెల పెండ్లి."

"వచ్చే నెలనా? అయితె ఇప్పుడు వద్దే వద్దు," అన్నాను. చీర మడత పెడుతూ, విప్పుతూ మొత్తం చెప్పాను. వేరు సంగతి, ఎండ సంగతి, చెవి కింద చుక్క పెట్టి చూడాలన్న సంగతి, అసలు చర్మం డాక్టరుకు చూపించుకోకుండా మేడ మీది బోర్డు చూసి పోవద్దన్న సంగతి. వాళ్లు ఆ చీర తీసుకోలేదు. పక్కనున్న పసుపుపచ్చది తీసుకున్నారు. పింఛం రంగు ఆ పిల్లకు నప్పదని నేనే చెప్పాను కాబట్టి.

వాళ్లు పోయాక సేటు వచ్చాడు.

"మచ్చలు పోయిందాంక లోపల ఉండమన్న గద?"

"ఉండను సేటూ. మచ్చలు పోవుడుకు ఏడాది పడ్తదట. వెంట్రుకలు ఎన్నడు పోతయో డాక్టరమ్మకే తెల్వదు. అందాంక నాకు చీకట్ల కూసునే ఓపిక లేదు. నా మొఖం నచ్చకుంటె లెక్క చూసి పంపించు."

అతను కొత్త పిల్లను చూశాడు. ఆ పిల్ల పింఛం రంగు చీరను ఇంకా తలకిందులుగానే మడత పెడుతోంది.

"సరే, ముంగటనే ఉండు. గని వచ్చినోల్లందరికి గా లేజర్ పురాణం చెప్పకు. ఇది చీరల దుకాణం."

"అడిగితె చెప్త," అన్నాను.

అడుగుతూనే ఉన్నారు. మచ్చలు సగం తగ్గాయి, మిగతా సగం ఉన్నాయి. మందు వాడుతున్నాను, వెంట్రుకలు కొంచెం సన్నబడ్డాయి. కొందరు జాలిగా అడుగుతారు, కొందరు ఎగతాళిగా అడుగుతారు. మొన్న ఒకావిడ, "ఎందుకమ్మా గిదంత, ఉన్నదాన్ని ఉంచుకోవచ్చు గద" అంది.

"మీరు నవ్వకుంటె ఉంచుకుందునమ్మా," అన్నాను. నేను ఇంకో చీర విప్పాను.